ముందు టైరు, తర్వాతే లిఫ్ట్

సంపాదకులకు,

అయ్యా,

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వీధుల్లో కార్లు నీళ్లలో తేలినప్పటి నుంచి బెజవాడలో ఎత్తు బండ్ల మీద మోజు మరీ పెరిగింది. మోజును తప్పుపట్టడం లేదు. పని చేయించుకునే వరసే తలకిందులుగా ఉంది. ముందు రెండంగుళాల లిఫ్ట్ కిట్ వేయిస్తున్నారు, ఆపైన కంటికి నచ్చిన అలాయ్ వీల్స్ కొంటున్నారు, మిగిలిన ఖాళీలో పట్టినంత పెద్ద టైరు చివర్లో ఎక్కిస్తున్నారు. ఇలా చేసిన బండి కొద్ది రోజులకే వీల్ బేరింగుకో, స్టీరింగ్ కీళ్లకో మళ్లీ ఆటోనగర్ దారి పడుతుంది. బండి తిరగబోయే నేలను బట్టి టైరు, టైరును బట్టి వీలు, ఆ రెంటికీ చాలినంత మేరకే లిఫ్ట్: అసలు వరస ఇది.

లిఫ్ట్ కిట్ ఏమి లేపుతుందో ముందు తెలియాలి. అది లేపేది బాడీని, ఛాసిస్‌ని. వెనక ఇరుసు మధ్య గుండులా వేలాడే డిఫరెన్షియల్ హౌసింగ్ (రెండు చక్రాలకూ శక్తి పంచే గేర్ల పెట్టె) చక్రంతో పాటే కింద ఉండిపోతుంది. ఎత్తురాయి తగిలేది మొదట దానికే. దాన్ని పైకి లేపగలిగేది టైరొక్కటే, అదీ పెరిగిన ఎత్తులో సగమే. టైరు ఎత్తు 54 మి.మీ. పెరిగితే హౌసింగ్ కింద జాగా పెరిగేది 27 మి.మీ. రెండంగుళాలు లేపించిన బండిలో బంపరు కింద పిల్లాడు దూరేంత సందు కనబడుతుంది గానీ, కొండపల్లి అడవి దారిలో హౌసింగ్ పాత రాళ్లకే పాత చోటే తగులుతుంది.

వరద సంగతీ అంతే. కొత్త థార్ 650 మి.మీ., గూర్ఖా 700 మి.మీ. లోతు నీళ్లలో నడవగలవని తయారీదారులు చెబుతారు. రెండంగుళాల లిఫ్ట్‌తో ఇంజిన్ గాలి పీల్చే మూతి 5 సెం.మీ. పైకి పోయే మాట నిజమే. ఇరుసు, హబ్ (వీలు బిగించే నడిమి భాగం) బేరింగులు, వాటి సీళ్లు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. వేడెక్కిన హౌసింగ్ చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి ముడుచుకుని, హౌసింగ్‌లోకి గాలి వచ్చిపోయే బ్రీదర్ గొట్టం పొట్టిగా ఉంటే నీటిని లోపలికి పీలుస్తుంది. ఆయిలు మజ్జిగలా తెల్లబడిందంటే జరిగింది ఇదే. వెడల్పు టైర్లతో ఇంకో చిక్కు ఉంది, అవి నీళ్లలో తేలతాయి. పారే నీళ్లలో చక్రం నేలను వదిలేసిన బండి ఎటు పోతుందో స్టీరింగ్ పట్టుకున్నవాడి చేతిలో ఉండదు. కాబట్టి వరద కోసమని పెద్ద టైర్లు కొనేవాళ్లు కంపెనీ చెప్పిన లోతునే ఇప్పటికీ హద్దుగా పెట్టుకోవాలి. ఆ డబ్బులో కొంత బ్రీదర్ గొట్టాలను పైకి పొడిగించడానికి పెడితే ఇంకా మేలు.

టైరు సైజు లెక్కకు కాగితం, పెన్సిలు చాలు. 265/65 ఆర్ 17 అంటే టైరు వెడల్పు 265 మి.మీ., పక్కగోడ ఎత్తు అందులో 65 శాతం, అంటే 172 మి.మీ. పైన, కింద కలిపి 344.5. దానికి 17 అంగుళాల వీలు, అంటే 431.8 కలిపితే టైరు పూర్తి ఎత్తు 776 మి.మీ. ఫార్చ్యూనర్‌కు 18 అంగుళాల వీలు మీద ఇచ్చే 265/60 సైజును ఇలాగే కట్టి చూడండి, 775 వస్తుంది. వీలు అంగుళం పెరిగినా టైరు ఎత్తు మారలేదు, పక్కగోడ మాత్రం 172 నుంచి 159కి దిగింది. షోకు కోసం 20 అంగుళాల వీలు మీద 265/50 వేస్తే ఎత్తు 773, పక్కగోడ 132. రాయి దెబ్బకు వంగి, తిరిగి లేవాల్సింది ఆ గోడే. గోడ కురచైన కొద్దీ దెబ్బ వీలు అంచుకు చేరుతుంది. రాళ్లలో, మట్టి దారుల్లో తిరిగే బండికి బ్రేకు క్యాలిపర్‌కు తగలని అతి చిన్న వీలే మంచి వీలు. చూడ్డానికి అంత బాగుండదు, ఒప్పుకుంటాం.

అదే 265/65 ఆర్ 17 నుంచి చాలామంది 285/70 ఆర్ 17 అడుగుతారు. దాని ఎత్తు 831 మి.మీ., అంటే 7 శాతం ఎక్కువ. మీటరు 100 చూపిస్తుంటే చక్రాల లెక్కన 107 మీద పోతున్నట్టు. మీటర్లు మామూలుగా కాస్త ఎక్కువే చూపిస్తాయి గనక నిజంలో తేడా కొంత తగ్గవచ్చు గానీ, కాజ టోల్ దాటాక జాతీయ రహదారి మీద స్పీడ్ కెమెరాకు ఈ వివరం అక్కర్లేదు. 10,000 కిలోమీటర్ల ఆయిల్ సర్వీసు కూడా 10,700 దగ్గర పడుతుంది. ప్రతి గేరులోనూ లాగే బలం దాదాపు 7 శాతం తగ్గుతుంది, బ్రేకులకూ అంతే భారం. అదే బండికి 265/70 ఆర్ 17 వేస్తే 803 మి.మీ., మూడున్నర శాతం లోపే. మా లెక్కన అసలు సైజు కంటే మూడు, మూడున్నర శాతం దాటితే వేరే పని మొదలైనట్టే. జిమ్నీకి కంపెనీ ఇచ్చేది 195/80 ఆర్ 15, 693 మి.మీ. 215/75 వేస్తే పదిన్నర మి.మీ.లే పెరుగుతుంది, ఏ గొడవా ఉండదు. 235/75 వేస్తే 40 మి.మీ. పెరుగుతుంది. దాని ఒకటిన్నర లీటరు ఇంజిన్ కొండవీడు ఘాట్ రోడ్డులో అడుగడుగునా గేరు దించమంటుంది.

ఇక లిఫ్ట్ వేయించాం కదా, ఎంత పెద్దదైనా పడుతుందనే మాట. తప్పు ఎక్కువగా జరిగేది ఇక్కడే. పొడుగు స్ప్రింగు వేసినా, స్ప్రింగు కింద స్పేసర్ (ఎత్తు పెంచే బిళ్ల) పెట్టినా, గుంతలో పడ్డప్పుడు చక్రం పైకి ఎంతదాకా పోవాలో తేల్చేది బంప్ స్టాప్ రబ్బరు. దాన్ని మార్చకపోతే చక్రం పాత ఎత్తుకే పోతుంది, అప్పుడు పెద్ద టైరు ఫెండర్ లోపలి అంచును కొరుకుతుంది. నిలబడిన బండికి షాపులో స్టీరింగు అటూ ఇటూ తిప్పి ‘తగలట్లేదండీ’ అంటే సరిపోదు. ఒక ముందు చక్రాన్ని, ఎదుటి మూల వెనక చక్రాన్ని అడుగు, అడుగున్నర ఎత్తు ర్యాంపుల మీదకు ఎక్కించి, స్టీరింగు పూర్తిగా కుడికి, పూర్తిగా ఎడమకు కోసి, అలాగే మెల్లగా వెనక్కీ నడిపి చూడాలి. టైరు భుజాలకు ముందే సుద్ద రుద్దితే ఎక్కడ తగిలిందో తెల్లగా అంటుకుని కనబడుతుంది. లోపలివైపు సస్పెన్షన్ పై ఆర్మ్‌కు, ఛాసిస్‌కు, బయట లైనర్‌కు (ఫెండర్ లోపలి ప్లాస్టిక్ తొడుగు), వెనక మడ్‌ఫ్లాప్‌కు వేలు పట్టేంత సందైనా ఉండాలి. తగిలితే రబ్బరు పొడిగించాలి, లేదంటే టైరు తగ్గించాలి. లైనర్‌ను కత్తిరించి పంపేయడం పరిష్కారం కాదు, దాని వెనకే వైరింగ్ ఉంటుంది.

లిఫ్ట్‌తో వచ్చే మరికొన్ని తిప్పలు క్లుప్తంగా. థార్, ఫార్చ్యూనర్ లాంటి ఇండిపెండెంట్ (ఏ చక్రానికి ఆ చక్రం విడిగా కదిలే) ముందు సస్పెన్షన్‌లో స్ట్రట్ మీద స్పేసర్ పెడితే యాక్సిల్ షాఫ్ట్ వంపు పెరిగి, దాని చివరి కీలైన సీవీ జాయింట్ రబ్బరు బూటు పగులుతుంది, గ్రీజు బయటపడుతుంది. జిమ్నీలో ముందు ఇరుసు ముందుకు ఒరిగి క్యాస్టర్ (స్టీరింగును నిటారుగా నిలిపే వంపు) తగ్గుతుంది. రోడ్డు మీద స్టీరింగు వదులుగా తేలుతుంది, దానికి క్యాస్టర్ బుష్‌లు మార్చాలి. హెడ్‌లైట్లు పైకి లేచి ఎదుటివాళ్ల కళ్లలో పడతాయి, ఇది మాత్రం ఎవరూ సరిచేయించుకోరు. స్క్రూ తిప్పితే పోయే పని.

వీలు విషయానికొస్తే, అందరూ చూసేది డిజైను, ఎవరూ అడగనిది ఆఫ్‌సెట్. వీలు వెడల్పు నట్టనడుమ గీత నుంచి హబ్‌కు ఆనే ముఖం ఎంత బయటికి ఉందో అదే ఆఫ్‌సెట్, వీలు మీద ఈటీ అంకెగా ఉంటుంది. 8 అంగుళాల వెడల్పు, ఈటీ 30 వీలు తీసి 9 అంగుళాలు, ఈటీ 0 వీలు వేశారనుకోండి. బయటి అంచు 43 మి.మీ. బయటికి వస్తుంది, లోపలి అంచు కూడా 17 మి.మీ. బయటివైపుకే జరుగుతుంది. అంటే చక్రం ఎత్తులో ఏమీ మారకపోయినా స్టీరింగు తిప్పినప్పుడు టైరు గీసే వృత్తం పెద్దదై ఫెండర్‌ను తాకుతుంది, బేరింగు మీద మీట బలం పెరుగుతుంది, ఒక చక్రం గుంతలో పడితే స్టీరింగు చేతుల్లో గుంజుతుంది. లోపలివైపు టైరు నిజంగా తగులుతుంటే పది మి.మీ.ల చోటు కోసం ఆఫ్‌సెట్ తగ్గించడం వేరు, టైరు నాలుగు వేళ్ల మేర బయటికి కనబడాలని తగ్గించడం వేరు. హబ్‌కూ వీలుకూ మధ్య స్పేసర్ పెట్టినా ఫలితం ఇదే. పైగా నట్టుకు దొరకాల్సిన మర తక్కువ పడితే కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే.

టైరుకు తగ్గ వీలు వెడల్పు కూడా ఉంటుంది. 265/70 ఆర్ 17కు 7 నుంచి 9 అంగుళాలు, 285/70 ఆర్ 17కు 7.5 నుంచి 9. గాలి తగ్గించి ఇసుకలో దిగేవాళ్లకు ఈ హద్దులో ఇరుకు వైపే మంచిది, వీలు అంచును పట్టుకుని ఉండే టైరు బీడు తేలిగ్గా ఊడదు. బోల్టుల అమరిక ఫార్చ్యూనర్‌కు 6 బోల్టులు, 139.7 మి.మీ. జిమ్నీకి అదే కొలత, 5 బోల్టులు. నడిమి రంధ్రం ఫార్చ్యూనర్‌కు 106.1 మి.మీ. బయటి వీలుకు రంధ్రం పెద్దదైతే హబ్ రింగు వేయాలి, లేకపోతే 80 దాటగానే వణుకు. ఆ వణుకును బ్యాలెన్సింగ్‌తో పోగొట్టాలని ఎన్నిసార్లు సీసం అంటించినా పోదు. నట్టు ఆనే చోటు కోసుగా (శంకువులా) ఉందా, చదునుగా ఉందా అనేది ఇంకా ముఖ్యం. చదును వాషరు నట్టును కోసు గుంటలో బిగిస్తే ఆ పూటకు గట్టిగానే ఉంటుంది, వంద కిలోమీటర్లకు వదులవుతుంది. అందుకే ఏ వీలు వేసినా 50 నుంచి 100 కిలోమీటర్లలోపు టార్క్ రెంచితో మళ్లీ బిగించాలి, గాలి గన్నుతో కాదు. వీలు వెనక అచ్చుపోసిన భారం అంకె చూడండి. పగిలిన అలాయ్‌కి వెల్డింగ్ పెట్టించడం మాత్రం వద్దు. రాళ్లలో తిరిగేవాళ్లకు ఇనుప డిస్కు వీలే మేలు, వంగితే సుత్తితో కొట్టుకోవచ్చు.

టైరు పక్కన రాసి ఉండే 112 ఎస్ లాంటి గుర్తులో 112 అంటే ఒక టైరు మోయగల బరువు 1,120 కిలోలు, ఎస్ అంటే గంటకు 180 కిలోమీటర్ల హద్దు. 121 అంటే 1,450 కిలోలు. కంపెనీ టైరు మీదున్న అంకె కంటే తక్కువ ఎప్పుడూ కొనకూడదు. ఎక్కువ అంకె ఉన్న ఎల్‌టీ (లైట్ ట్రక్) టైరు గోడలు గట్టివే, కానీ బరువెక్కువ. ఒక్కో చక్రానికి అయిదారు కిలోలు పెరగడం మామూలు, ఆ బరువు స్ప్రింగు కింద ఉండే బరువు. ఎల్‌టీ టైరు అదే గాలితో మామూలు టైరు మోసినంత మోయదు. డోరు స్తంభం మీద 32 పీఎస్‌ఐ అని ఉంటే ఎల్‌టీకి మొదటి అంచనాగా 36 నుంచి 40 పెట్టి, ముఖం మీద అడ్డంగా సుద్ద గీత గీసి వంద గజాలు నడిపి చూడాలి. నడుమ చెరిగి అంచులు మిగిలితే గాలి ఎక్కువ, అంచులు చెరిగితే తక్కువ. ఈ ఎండల్లో ఇది చాదస్తం కాదు. మందపాటి గుండీల (ముఖం మీది రబ్బరు దిమ్మల) టైరు, తక్కువ గాలి, మే నెల మధ్యాహ్నం గుంటూరు రోడ్డు కలిస్తే లోపల వేడి పేరుకుని పై రబ్బరు పొర లేచిపోతుంది. గాలి పొద్దున చల్లటి టైరులోనే కొలవాలి. పది, పదకొండు డిగ్రీల వేడికి దాదాపు 2 పీఎస్‌ఐ పెరుగుతుంది, దారిలో ఎక్కువ కనబడిందని తీసేయకూడదు.

మన నేలకు ఏ గుండీలు? వారంలో ఆరు రోజులు బెంజి సర్కిల్ ఫ్లైఓవర్, ఆదివారం ఒక్కరోజు సూర్యలంక అయితే ఏటీ (ఆల్ టెర్రెయిన్, అన్ని నేలలకూ పనికొచ్చే) రకం చాలు. ఎంటీ (మడ్ టెర్రెయిన్, బురద కోసం చేసిన) టైరు తడి తారు మీద ఆలస్యంగా ఆగుతుంది, ఊరంతా వినబడేలా రొద చేస్తుంది. పల్నాడు నల్లరేగడిలో వానాకాలం తిరిగే రైతు బండికి లెక్క వేరు. ఆ మట్టి ఏటీ గుండీల సందుల్లో పిండిలా కూరుకుపోయి రెండు చుట్లకే టైరును నున్నని బంతిలా చేస్తుంది. అక్కడ సందులు వెడల్పున్న ఎంటీ కావాలి, అదీ 235, 245 వెడల్పు లోపు ఇరుకు టైరైతే కింది గట్టి పొరను అందుకుంటుంది. కృష్ణా నది లంకల ఇసుకలో మళ్లీ ఎదురు. అక్కడ వెడల్పు టైరు కంటే గాలి తగ్గించడం ఎక్కువ పని చేస్తుంది, 16 నుంచి 18 పీఎస్‌ఐ. 15 కంటే దించితే బీడు ఊడే ప్రమాదం ఉంది. తారెక్కే ముందు మళ్లీ గాలి నింపడానికి చిన్న కంప్రెసర్ బండిలోనే ఉండాలి.

చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ వివరాలతో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు కూడా తయారీదారు నిర్దేశాలకు విరుద్ధమైన మార్పులు చెల్లవంది. అదే ఏడాది వచ్చిన సవరణలోని 182ఏ (4) ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట వెతికేదీ ఇదే. అదే మోడల్ వేరే రకానికి కంపెనీ ఇచ్చిన సైజులోనే ఉండటం సులువైన దారి. థార్‌కు 16 అంగుళాల మీద 245/75, 18 మీద 255/65 రెండూ కంపెనీవే.

చివరగా టైర్ల షాపులవారికి ఒక మనవి. బిల్లు మీద ‘టైర్లు 4, అలాయ్ 4’ అని రాసి సరిపెట్టకండి. టైరు సైజు, భారం అంకె, తయారైన వారం, ఏడాది చెప్పే నాలుగంకెల గుర్తు, వీలు వెడల్పు, ఈటీ, నట్టు రకం రాయండి, ఎలైన్‌మెంట్ చీటీని దానికే కుట్టి ఇవ్వండి. 2324 అంటే 2024లో 23వ వారం అని కొనేవాళ్లకు చెప్పడానికి అర నిమిషం పట్టదు. ఇంకోటి, నాలుగు కాదు, అయిదు అమ్మండి. ఫోర్‌వీల్ డ్రైవ్ బండికి పాత కురచ స్టెప్నీ ఒక మూల వేసి, నాలుగు చక్రాలకూ శక్తి పోయే ఫోర్ హైలో పది కిలోమీటర్లు తారు మీద నడిపితే, ముందు, వెనక ఇరుసులకు శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసుకు వచ్చే బిల్లు ఆ అయిదో టైరు ధరకు ఎన్నో రెట్లు ఉంటుంది.

ఇట్లు,
టైర్లు, ఎలైన్‌మెంట్ పని చేసేవాళ్లం కొందరం,
ఆటోనగర్, విజయవాడ