లక్ష్మికి వచ్చింది తెల్లమచ్చల రోగం కాదు

కర్నూలు

చి. చిన్నీకి నాన్న ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ అందరం బాగున్నాం. పోయిన ఆదివారం హాస్టలుకు వచ్చినప్పుడు అమ్మ ఫోన్లో మన గోల్డ్‌ఫిష్ లక్ష్మి ఫొటో చూసి, "తెల్లమచ్చల రోగం నాన్నా, పోయిన వెంటనే మందు వేయి" అని ఒకటే పట్టు పట్టినావు. ఇంతలో గంట కొట్టేసినారు. నువ్వు చదువు పక్కన పెట్టి దీని గురించే ఆలోచిస్తుంటావని తెలుసు కాబట్టి అంతా వివరంగా రాస్తున్నా.

నేను మందు వేయలేదు. రైతు మన అంగడికి వచ్చి "పత్తికి ఏదో తగిలింది, గట్టి మందు ఇయ్యి" అంటే నేను ఏమడుగుతానో నీకు తెలుసు కదా. ఆకు తెచ్చినావా, అడుగు పక్క తిప్పి చూసినావా అంటాను. చేపకైనా అంతే. చేపల అంగడాయన మాత్రం చూడకుండానే నీలం సీసా ఒకటి, పసుపు సీసా ఒకటి చేతిలో పెట్టినాడు. తెచ్చి అల్మారాలో పెట్టినా, మూత తీయలేదు.

రాత్రి హాల్లో లైటు ఆర్పి, సెల్ టార్చి పక్క నుంచి వేసి చూసినా. తెల్లమచ్చల రోగమైతే ఉప్పు చల్లినట్టు ఒళ్ళూ తోకా రెక్కలూ ఎక్కడ పడితే అక్కడ చుక్కలుంటాయి, చేప రాళ్ళకు ఒళ్ళు రాసుకుంటుంది. లక్ష్మికి తోక అద్దంలా ఉంది. చుక్కలన్నీ మొప్పల మూతల మీద, ముందు రెక్కల అంచున ఉండే లావుపాటి ముల్లు మీద మాత్రమే. అవి కూడా ఒకే సైజులో, వరసగా. అది రోగం కాదమ్మా. జతకట్టే కాలంలో మగ గోల్డ్‌ఫిష్‌కు వచ్చే పొక్కులవి, వాటంతటవే పోతాయి. అంటే మనం ఇన్నాళ్ళూ లక్ష్మి అని పిలుస్తున్నది మగచేపను. అవ్వకు చెబితే "అయితే లక్ష్మయ్య అందాంలే" అని తేల్చేసింది.

ఒకవేళ నిజంగా తెల్లమచ్చలే అయినా ఒక్కసారి మందు పోస్తే పోదు. ఆ పురుగు చేప చర్మం కింద ఉన్నంతసేపూ మందు దాన్ని అంటదు. అక్కడి నుంచి రాలి, అడుగున పిల్లలై, ఆ పిల్లలు నీళ్ళలో ఈదేటప్పుడే చస్తాయి. అందుకే చుక్కలు కనబడకపోయినా కొన్ని రోజులు మందు ఆపకూడదు. ఇది నువ్వు గుర్తుపెట్టుకో, ఎప్పుడైనా పనికొస్తుంది.

ఇక అసలు జబ్బు. మేత తిన్నాక లక్ష్మి పక్కకు ఒరిగి, తోక పైకి లేచి, బుంగలా తేలుతోంది. మిగతాసేపు అడుగున మూలకు నక్కి ఉంటోంది. తోకలో సన్నగా ఎర్రటి గీతలు. పొలుసులు లేచి నిలబడలేదు, అది చూసినాక నాకు ప్రాణం కుదుటపడింది. అట్లా లేస్తే చాలాసార్లు లోపల మూత్రపిండాలు దెబ్బతిన్నట్టే, చాలా చేపలు దక్కవు.

కారణం వెతకాల్సిన పని లేకపోయింది. నువ్వు పోయినప్పటి నుంచి అవ్వ పొద్దున ఉగ్గాణికి బొరుగులు నానబెట్టే ముందు చారెడు తీసి దానికి వేస్తోంది. "పాపం, బిడ్డ లేక దిగులుపడింది" అని. బొరుగులు తేలుతాయి కదా, అది పైకొచ్చి వాటితోపాటు గాలి కూడా మింగుతుంది. గోల్డ్‌ఫిష్‌కు కడుపులో, నీళ్ళలో తేలడానికి సాయపడే గాలితిత్తి ఉంటుంది, దాని నుంచి గొంతు దాకా గొట్టం ఉంటుంది. పైగా మనది గుండ్రటి రకం, కడుపులో అన్నీ ఒకదాన్నొకటి ఒత్తుకుని ఉంటాయి. మలబద్ధకం వస్తే తిత్తి మీదే భారం. తినకుండా మిగిలిన బొరుగులు అడుగున కుళ్ళినాయి. కొంచెం నీళ్ళు తీసి పరీక్ష మందు చుక్కలు వేసి చూస్తే పసుపుగా ఉండాల్సింది ఆకుపచ్చగా తిరిగింది. అమోనియా. ఎర్రగీతలు దాని పనే.

అందుకని చేపను ముట్టుకోకుండా నీళ్ళకు వైద్యం మొదలుపెట్టినా. మేత పూర్తిగా బంద్. రోజూ మూడో వంతు నీళ్ళు తీసి కొత్తవి పోయడం. మన కొళాయికి వచ్చేది తుంగభద్ర నీళ్ళే గానీ క్లోరిన్ కలిపి వదులుతారు. క్లోరిన్ పోయే చుక్కలు కలిపి, తొట్టి నీళ్ళంత వెచ్చదనానికి వచ్చినాకే పోస్తున్నా. ఫిల్టరు స్పాంజీ అమ్మ కొళాయి కింద పెట్టబోతే ఆపినా. అమోనియాను విరిచే బాక్టీరియా అందులోనే కాపురముంటుంది, క్లోరిన్ తగిలితే చస్తుంది. తీసేసిన తొట్టి నీళ్ళలోనే పిండాలి. ఆ నీలం మందు పోసినా అదే గతి. ఏమీ కలపని కల్లుప్పు లీటరుకు గ్రాము లెక్కన అంగట్లో కాటా మీద 40 గ్రాములు తూచి, కరిగించి, కొంచెం కొంచెంగా పోసినా. ఉప్పు ఆవిరైపోయేది కాదు, కాబట్టి నీళ్ళు మార్చినప్పుడు తీసినన్ని నీళ్ళకే మళ్ళీ వేయాలి.

మూడు రోజుల పస్తు తర్వాత పచ్చి బఠాణీ ఉడికించి, తోలు తీసి, గోటితో చిదిపి వేసినా. గుటుక్కున మింగింది. మరుసటి రోజు దాని వెనక బారెడు దారం వేలాడుతుంటే మీ అమ్మ "ఛీ" అంది, నేను మాత్రం సంతోషపడినా. ఇప్పుడు తేలడం లేదు. తిన్నాక కొంచెం ఒరుగుతోంది, అది ఈ ఆకారపు చేపల్లో ఎప్పటికీ ఉండిపోవచ్చు. గుళికలు నీళ్ళలో నానబెట్టి, మునిగేటట్టు చేసి వేస్తున్నాం. అవ్వకు ఆ డబ్బా అప్పజెప్పినా, పూటకు నాలుగు గుళికలు లెక్కబెట్టి వేస్తోంది. బొరుగుల డబ్బా అటక మీదికి ఎక్కింది.

ఇంగ్లండులో టిష్ అనే గోల్డ్‌ఫిష్ 43 ఏళ్ళు బతికి 1999లో పోయిందట. దాన్ని 1956లో తిరునాళ్ళ లాంటి చోట బహుమతిగా గెల్చుకున్నారు. మనది ఇంకా చిన్న వయసుదే. 40 లీటర్ల తొట్టి దానికి ముందు ముందు చాలదు. ఎండాకాలంలో మన ఊరి వేడి సంగతి తెలిసిందే, నీళ్ళు వేడెక్కేకొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది, అమోనియా విషం పెరుగుతుంది. కరెంటు పోయినా నడిచే బ్యాటరీ గాలిపంపు ఒకటి తెస్తా.

పెద్ద తొట్టి హాల్లో పెట్టాలా, నీ గదిలోనా అన్నది తిరుగు ఉత్తరంలో రాయి. కిటికీ పక్కన మాత్రం కుదరదు, మధ్యాహ్నం ఎండ నేరుగా పడుతుంది. వచ్చే ఆదివారం ఫోనులో మళ్ళీ చేప సంగతే ఎత్తొద్దు, నీ కెమిస్ట్రీ మార్కుల గురించి అడగాలని మీ అమ్మ కాచుకుని ఉంది.

ఇట్లు
మీ నాన్న