రమణకు ఒక ఉత్తరం

ప్రియమైన రమణకు,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు క్షమించు. మేమంతా క్షేమం. పిల్లవాడు కాలేజీలో చేరాడు, అమ్మ ఉగాది తరువాత వస్తానంటోంది. తక్కిన కబుర్లు ఫోనులో చెబుతాను.

రోగి ఏ మందులు కొన్నాడో కంప్యూటరులో వెతకడం పోలీసు పనే గాని డాక్టరు పని కాదని నువ్వు రాసిన మాట నన్ను వదలడం లేదు. ఇటీవల జరిగింది విను. నడుము నొప్పితో ఒక పెద్దావిడ వచ్చి ఆక్సికోడోన్ అనే నల్లమందు జాతి నొప్పి మందు రాయమన్నది. మా కెంటకీ రాష్ట్రంలో 2012 నాటి చట్టం వచ్చాక, అటువంటి మందు మొదటిసారి రాసే ముందు కాస్పర్, అంటే రోగులు కొన్న ఇటువంటి మందుల కంప్యూటరు చిట్టా, చూడక తప్పదు. మందు కొనసాగిస్తే కనీసం మూడు నెలలకొకసారి మళ్లీ చూడాలి. చూస్తే ఏముంది? ఒక డాక్టరు అదే జాతి హైడ్రోకోడోన్, మరొకరు ఆందోళనకు ఆల్‌ప్రజోలామ్ రాస్తున్నారు! ఆ రెండూ కలిస్తే నిద్రలోనే ఊపిరి ఆగిపోవచ్చునని నీకు నేను చెప్పాలా? ఆవిడ ఎవరినీ మోసగించలేదు రమణా, ఒకరు రాసింది మరొకరికి తెలుస్తుందనే నమ్మింది. తెర ఆవిడ వైపు తిప్పి చూపిస్తే నిర్ఘాంతపోయింది.

మన హాస్టలు వార్డెను గారి నల్ల పుస్తకం తలచుకుని నీకు ఒళ్లు మండుతుందని నాకు తెలుసు. కాని ఇది శిక్షలు రాసుకునే పుస్తకం కాదు. చిట్టా చూసి రోగిని గుమ్మం బయటికి పంపేసే డాక్టర్లూ ఉన్నారు, అది నాకు చాలా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే మాత్రలు హఠాత్తుగా ఆగిపోయినవాళ్లు ఎందరో హెరాయిన్‌కు, ఆపైన దానికన్నా ఘాటైన ఫెంటానిల్‌కు మళ్లారు. నేను ఆ ఇద్దరు డాక్టర్లతోనూ మాట్లాడాను. మోతాదు మెల్లమెల్లగా తగ్గిస్తున్నాం, మోతాదు మించి ఊపిరి ఆగబోతే కాపాడే నాలొక్సోన్ స్ప్రే ఇంట్లో ఉంచమన్నాం. వ్యసనమే అయివుంటే దానికి చికిత్సగా ఇచ్చే బ్యూప్రినార్ఫిన్ మొదలుపెట్టేవాళ్లం. ఆ చిట్టా చూడకపోతే ఇందులో ఏ ఒక్కటీ జరిగేది కాదు.

తీరిక లేదంటావా? మా దగ్గర డాక్టరు తరఫున నర్సు ఆ నివేదిక తీయవచ్చు. రోగి గదిలోకి వచ్చేసరికి అది బల్లమీద సిద్ధంగా ఉంటుంది. అమెరికా 50 రాష్ట్రాలలో చిట్టచివరగా, 2021లో గాని మీ మిస్సోరీ ఇటువంటి చిట్టా పెట్టే చట్టం చేయలేదు. సెయింట్ లూయిస్ కౌంటీ మాత్రం అంతవరకు ఆగకుండా 2017లోనే సొంతంగా మొదలుపెట్టింది. చట్టం అడిగినా అడగకపోయినా నువ్వు చూడాలి. ముఖ్యంగా నిద్రమాత్రలు వాడే వృద్ధుల విషయంలో... ఎమర్జెన్సీ నుంచి పిలుపు వచ్చింది, వెళ్లాలి. ఆ చిట్టా చూడడానికి ఖాతా తెరిచావో లేదో వెంటనే రాయి.

నీ
మూర్తి