మన ఉప్పునీటి ట్యాంకుల సంఘం, విశాఖపట్నం: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన సర్వసభ్య సమావేశంలో ‘ప్రతి ఇంటి ట్యాంకులో ఒక ఎనిమోన్’ అని చప్పట్ల మధ్య తీర్మానం చేసుకున్నాం. కొత్తవారి కోసం: ట్యాంకంటే సముద్రజీవుల్ని పెంచే ఉప్పునీటి అక్వేరియం, ఎనిమోన్ అంటే రాళ్లను పట్టుకుని పూవులా విచ్చుకునే మెత్తని సముద్రజీవి. ఆ తీర్మానం తప్పని ముందు నేనే ఒప్పుకోవాలి, ప్రతిపాదించింది నేనే కాబట్టి. ఆ ఉత్సాహంలో కొన్నవాటిలో చాలా మట్టుకు వేసవి దాటలేదు. జూన్ నుంచి కార్యవర్గం చేసిన పని ముఖ్యంగా ఒకటే: ఎనిమోన్ కొంటానన్న ప్రతివారినీ ‘ఇప్పుడే వద్దు’ అని ఆపడం. ‘ఇదీ ఒక కార్యక్రమమేనా?’ అని కొందరు నవ్వారు. పోయినవి ఎలా పోయాయో చదివి, ఆ తర్వాత నవ్వండి.

మొదటిది ఆరు వారాల ట్యాంకు. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా వచ్చాయని బబుల్‌టిప్ జాతి ఎనిమోన్‌ను వదిలారు. సున్నా వస్తే చేప బతుకుతుందేమో గానీ ఎనిమోన్‌కు అది చాలదు. రాయి మీద, ఇసుకలో సూక్ష్మజీవులు పూర్తిగా కుదురుకోవాలి, ఉప్పదనం, క్షారత రోజూ ఒకే తీరుగా నిలవాలి. కనీసం ఆరు నెలలు, వీలైతే ఏడాది పాతబడిన ట్యాంకు కావాలని అనుభవజ్ఞులంతా చెప్పేది అందుకే. కొత్త కుండలో పెరుగు తోడుకోవడం లేదని కుండను తిడితే లాభమేముంది?

రెండోది వినడానికే బాధగా ఉంటుంది. ఎనిమోన్‌కు పాదం ఉంటుందని మనం మరిచిపోతాం. వెలుగో, నీటి ప్రవాహమో నచ్చకపోతే అది రాత్రికి రాత్రే నడిచి వెళ్లిపోతుంది. ఒక సభ్యుడి ఇంట్లో నేరుగా వేవ్‌మేకర్‌లోకే, అంటే నీళ్లను కదిపే పంపులోకే వెళ్లింది. తెల్లారేసరికి ట్యాంకంతా పాలు కలిపినట్టు ఉంది. చచ్చిన ఎనిమోన్ నీళ్లను ఎంత తొందరగా పాడుచేస్తుందంటే, సాయంత్రానికి చేపలు కూడా మిగల్లేదు. ఇప్పుడు సంఘంలో నియమం ఏమిటంటే, వేవ్‌మేకర్‌కు జాలీ గానీ స్పాంజి గానీ తొడిగిన ఫొటో చూపించాకే ఎనిమోన్ మాట.

మూడోది నాదే, పోయేదాకా వచ్చి బతికింది. కొసలు ఊదాగా, ఒళ్లంతా మల్లెపూవులా తెల్లగా ఉందని మురిసి ఎక్కువ ధర పెట్టాను. ఎనిమోన్ కణాల్లో జూజాంథెల్లే అనే నాచు కాపురముంటుంది. వెలుతురుతో అది వండిపెట్టిన దానిలోంచే ఎనిమోన్‌కు చాలా భాగం తిండి అందుతుంది. తెల్లగా ఉందంటే ఆ నాచు వెళ్లిపోయిందని, అంటే అది ఆకలితో ఉందని అర్థం. వెలిసిపోయిన చీరను కొత్త నేత అనుకుని కొన్నట్టయింది నా పని. నిమ్మపండు పసుపు, గులాబి రంగుల్లో అమ్మేవాటిలో అద్దకం వేసినవీ ఉంటాయి, జాగ్రత్త. లైటు మొదట తగ్గించి మెల్లగా పెంచుతూ, వారానికి రెండుసార్లు గోరంత రొయ్య ముక్క నోటి దగ్గర పెడుతూ ఐదు నెలలు కాచుకున్నాను. చివరికి గోధుమరంగు తిరిగింది. ‘ఇంత డబ్బు పోసి తెచ్చింది ఈ బురద రంగు కోసమా?’ అని మా ఆవిడ. నాకు మాత్రం ఆ రోజు పండగే.

నీళ్ల గురించి ఫోన్లు ఈ ఏడాది కూడా ఎక్కువే వచ్చాయి. అంకెలు మళ్లీ రాస్తున్నాను: వేడి 24 నుంచి 27 డిగ్రీలు, సాంద్రత 1.025 దగ్గర, క్షారత 8 నుంచి 11 డీకేహెచ్ (క్షారతను కొలిచే ప్రమాణం). ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు ట్యాంకులోనే ఉండిపోతుంది. కాబట్టి తగ్గిన మేరకు పోయాల్సింది ఆర్‌ఓ మంచినీళ్లు. ‘ఉప్పునీళ్లు తగ్గితే ఉప్పునీళ్లే పోయాలి కదా’ అని ఏప్రిల్ అంతా సముద్రపు నీళ్లు పోసిన సభ్యుడొకరున్నారు. పేరు రాయను, ఆయన ఇప్పుడు కార్యవర్గంలో ఉన్నారు.

నీళ్లను చల్లబరిచే చిల్లర్ యంత్రం కొనలేనివాళ్లు ట్యాంకు మీద ఫ్యాన్ పెడుతున్నారు. హైదరాబాద్ పొడి ఎండల్లో అది బాగానే పనిచేస్తుంది. మన విశాఖ ఉక్కపోతలో నీళ్లు ఆవిరైతేగా చల్లబడడానికి! ఇక్కడ ఫ్యాన్‌ను నమ్ముకున్నవాళ్లు మే నెలలో ఎనిమోన్ పెట్టుకోకపోవడమే మేలు.

బీచ్ నుంచి నీళ్లు తెచ్చుకునేవాళ్లకు ఒక మాట. హార్బరు వైపు, గెడ్డలు సముద్రంలో కలిసేచోట్ల తీసుకోవద్దు. వానలు వెళ్లాక, ముఖ్యంగా అక్టోబరు, నవంబరు నెలల్లో, గంగా బ్రహ్మపుత్రల మంచినీళ్లు తీరం వెంట ఇటు దిగివస్తాయి. మన ఒడ్డున ఉప్పదనం బాగా పడిపోతుంది. చూడ్డానికి సముద్రమే, కొలిస్తే మాత్రం బాగా పలచన. కొలవకుండా పోయకండి.

అదే అక్టోబరు అనగానే మన పాత సభ్యులకు 2014 అక్టోబరు 12 గుర్తొస్తుంది. హుద్‌హుద్ తుపాను తర్వాత రోజుల తరబడి కరెంటు లేక, ట్యాంకుల్లో చేత్తో నీళ్లు చిలుకుతూ కూర్చున్నవాళ్లు మనలో ఉన్నారు. ఈ ఏడాది కావలసినవాళ్లందరికీ బ్యాటరీ ఎయిర్ పంపులు టోకున తెప్పించి అసలు ధరకే ఇచ్చాం. ఇంకా తీసుకోనివాళ్లు తుపాన్ల కాలం రాకముందే అడగండి.

ఆటు సమయం చూసుకుని రుషికొండ దగ్గర, తెన్నేటి పార్కు కింద రాళ్ల గుంటలు చూడ్డానికి పిల్లలతో వెళ్లాం. నీళ్లు దిగినప్పుడు ఎనిమోన్లు ముడుచుకుని, ఒంటికి గవ్వపెంకులు, ఇసుక అంటించుకుని జెల్లీ ముద్దల్లా ఉంటాయి. నీళ్లు తగలగానే పూవులా విచ్చుకుంటుంటే పిల్లలు కదల్లేదు. అక్కడి నుంచి ఏమీ తెచ్చుకోకూడదన్నది నియమం. రాతి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, వాటి జోలికే పోవద్దు. ఎనిమోన్ల చుట్టాలే అయిన, చాపలా పరుచుకుని ఉండే జోయాంథిడ్లకు గోరు కూడా తగలనివ్వొద్దు. వాటిలో కొన్నింట్లో పాలీటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. ట్యాంకు రాళ్ల మీద వాటిని వదిలించాలని వేడినీళ్లు పోసి, ఆ ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైనవాళ్లు విదేశాల్లో ఉన్నారు.

ఆ రోజు పిల్లలకు చెప్పిన కథ పెద్దలకూ నచ్చింది. స్కాట్లాండ్‌లో జాన్ గ్రాహమ్ డాల్యెల్ 1828లో ఒడ్డున ఒక ఎర్ర ఎనిమోన్ పట్టి గాజు జాడీలో పెట్టాడు. ఆయన పోయాక కూడా చేతులు మారుతూ 1887 వరకు బతికింది. దానికి ‘గ్రానీ’ అని పేరు, అంటే అమ్మమ్మ. ఎల్‌ఈడీ లైటు లేదు, నురగతో మలినాలు తీసే స్కిమ్మర్ లేదు. అది చల్లని సముద్రపు రాళ్ల మీది జాతి, నాచు మీద ఆధారపడదు. మన బబుల్‌టిప్ దగ్గర ఆ సూత్రం నడవదని కూడా పిల్లలకు చెప్పాను.

ఐప్టేసియా అనే కలుపు ఎనిమోన్ బెడద ఐదారు ఇళ్లలో వచ్చింది. పీకొద్దు, కోయొద్దు. మిగిలిన తునక నుంచి మళ్లీ మొలుస్తుంది. పంపు ఆపి, సున్నం ముద్ద సిరంజితో దాని నోటి మీద పెడితే పోతుంది. కిళ్లీ సున్నం వాడొద్దు, అందులో ఏమేం కలుపుతారో మనకు తెలియదు. రాగి ఉన్న చేపల మందు ఏదైనా ఎనిమోన్ ఉన్న ట్యాంకులో చుక్క కూడా వద్దు.

మంచి కబురు ఒకటుంది. ఒక పాత సభ్యురాలి బబుల్‌టిప్ ఈ ఏడాది నిలువునా రెండుగా చీలింది, ఆ రెండూ తర్వాత మళ్లీ చీలాయి. ట్యాంకులో పెరిగినవి కాబట్టి సముద్రం నుంచి తెచ్చినవాటి కంటే గట్టివి. వీటిని అరటి పిలకల్లా పంచాలని నిర్ణయించాం. డబ్బు తీసుకోం, ట్యాంకు వయసును బట్టే వరుస. ఏడాది నిండనివాళ్లు అడగొద్దు. సముద్రంలో ఎనిమోన్ చేతుల మధ్య కాపురముండే చేప క్లౌన్‌ఫిష్ ఒంటరిగా దిగులు పడుతోందన్న కారణం కూడా చెల్లదు. హేచరీలో పుట్టిన క్లౌన్‌ఫిష్ ఎనిమోన్ లేకుండానే హాయిగా బతుకుతుంది.

లెక్కలు కోశాధికారి సమావేశంలో చదువుతారు, అప్పులేమీ లేవు. చివరగా, ఉప్పదనం కొలిచే సంఘం రిఫ్రాక్టోమీటరు ఫిబ్రవరి నుంచి కనబడడం లేదు. ఎవరి ఇంట్లో ఉందో వారు సమావేశానికి తీసుకురండి, ఎందుకు తేలేదని అడగం.

— కార్యదర్శి