ఐ.పి. పెట్టిన నాకు తోడు నిలిచినవారికి

ఈ వారం చిత్తూరు కోర్టు నన్ను దివాలాదారుగా ప్రకటించింది. ‘ఫలానా ఆవిడ ఐ.పి. (దివాలా పిటిషను) పెట్టిందట’ అన్న మాట ఊళ్లో ఇప్పటికే నలుగురి నోటా పడి ఉంటుంది. మీరు దాన్ని మరెవరి దగ్గరో వినేలోపు నేనే చెప్పాలనుకున్నాను. ఈ ఏడాదిగా నన్ను నిలబెట్టినవారికి అందరి ముందూ దండం పెట్టాలనుకున్నాను. పేర్లు రాయడం లేదు. అప్పుల వ్యవహారంలో తమ పేరు కనబడటం కొందరికి ఇష్టం లేదు. చదివితే ఎవరి మాటో వారికే తెలుస్తుంది.

మావారు పాతికేళ్లు మామిడి తోటలు గుత్తకు పట్టారు. పూత మీదే తోట మాట్లాడుకుని రైతుకు బయానా ఇవ్వడం, మందులు కొట్టించడం, కాయ కోయించి మండీకో గుజ్జు ఫ్యాక్టరీకో తోలడం ఆయన పని. మా ప్రాంతంలో ఎక్కువగా తోతాపురే. 2022లో ఆయన గుండెపోటుతో పోయేనాటికి ప్రోనోట్ల మీద తెచ్చిన బాకీలు చాలా ఉన్నాయి. కర్మకాండలు ముగిశాక ఒక్కొక్కరే నోటు పట్టుకుని వచ్చారు. నోటుకు మూడేళ్ల గడువు, ఆ గడువు దాటకముందే తిరగరాయాలి అన్నారు. ఆయన నోట్లన్నీ నా పేరుతో తిరగరాసి సంతకాలు పెట్టాను. అలా చేయనవసరం లేదని, చనిపోయిన మనిషి బాకీకి వారసులు తమకు సంక్రమించిన ఆస్తి మేరకే బాధ్యులని మూడేళ్ల తరువాత వకీలమ్మ చెప్పారు. ముందే తెలిసినా సంతకం పెట్టేదాన్నేమో. వాళ్లు ఆయన మాట మీద నమ్మకంతో డబ్బిచ్చినవారు.

2024 జనవరిలో పెద్దమనుషులు కూర్చుని ఒక ఒప్పందం కుదిర్చారు. పదిహేడు మంది అప్పులవాళ్లు, 27 లక్షల అసలు. వడ్డీ వదిలేస్తారు, నేను నెలకు 45,000 చొప్పున అరవై నెలలు కట్టాలి. ఒక్క వాయిదా తప్పినా వడ్డీ మళ్లీ మొదలవుతుంది. పదిహేడు నెలలు తప్పకుండా కట్టాను. అందుకోసం తినీ తినకా ఎలా గడిపానో ఇక్కడ రాయను. ఆ పదిహేడు నెలల్లో ఒక్కరు కూడా గడప తొక్కి గట్టిగా మాట్లాడలేదన్నది మాత్రం చెప్పాలి.

2025 వేసవిలో అంతా చెదిరింది. ఆ ఏడు తోతాపురి విరగకాసింది, ధర పడిపోయింది. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం మరో 4 రూపాయలు కలిపి 12 చేస్తుందని ప్రకటించారు. నేను గుత్తకు పట్టిన తోటల కాయకు ఆ ఎనిమిది కూడా రాలేదు. గేటు ముందు ట్రాక్టర్ల వరుసలో మూడు పగళ్లు, మూడు రాత్రులు నిలబడ్డాం. లోడు అడుగున ఉన్న కాయ పండి, నలిగి, రసం కారడం మొదలైంది. ప్రభుత్వం ఇచ్చే నాలుగు రూపాయలు తోట యజమాని ఖాతాలో పడ్డాయి. ఆ రైతూ అప్పుల్లోనే ఉన్నాడు, అతణ్ణి అడగడానికి నోరు రాలేదు. ఆ తోటల కోసం కొత్తగా మరో ఇద్దరి దగ్గర తెచ్చిన ఆరు లక్షలు నా నెత్తిన పడ్డాయి. జూన్ వాయిదా కట్టలేకపోయాను. జూలైదీ కట్టలేకపోయాను.

ఆ తరువాత రెండు నెలలు చీకట్లో బతికాను. ఒక ఫైనాన్సు సంస్థ తాలూకు మనిషి రాత్రి తొమ్మిది గంటలకు వచ్చి, వీధి వీధంతా వినేలా తలుపు కొట్టేవాడు. నేను దీపం ఆర్పేసి వెనక గదిలో కూర్చునేదాన్ని. వచ్చిన నోటీసులు విప్పకుండా బియ్యం డబ్బా కింద పెట్టేదాన్ని. విప్పకపోతే ఆ బాకీ ఇంకా నా ఇంట్లోకి రానట్టే అనిపించేది.

ఆ డబ్బాను కదిలించింది న్యాయసేవాధికార సంస్థ తరఫున మా వీధికి వచ్చిన పారాలీగల్ వాలంటీరు. నా కొడుకు వయసువాడు. పక్కింటి పెన్షను పని మీద వచ్చి, నా ముఖం చూసి ఆగాడు. ‘అమ్మా, కాగితాలు ఏమైనా వచ్చాయా?’ అని ఒక్క మాట అడిగాడు. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారని, 15100కు ఫోను చేసినా చాలునని చెప్పాడు. అప్పు వసూలు చేసేవారు ఉదయం ఎనిమిదికి ముందు, రాత్రి ఏడు తరువాత ఫోను కూడా చేయకూడదన్న రిజర్వు బ్యాంకు నిబంధనను కాగితం మీద రాసి తలుపుకు అంటించి వెళ్లాడు. ఆ రాత్రి తొమ్మిదికి వచ్చిన మనిషి టార్చి వేసి దాన్ని చదువుకుని వెనుదిరిగాడు. బాబూ, రెండు నెలల తరువాత ఆ రోజు నేను దీపం ఆర్పకుండా అన్నం తిన్నాను.

మాస్టారి గురించి రాయాలంటే చేయి ఆగుతోంది. ఆయన లెక్కల మాస్టారు, రిటైరై చాలా ఏళ్లయింది. నా అప్పులవాళ్లలో ఆయనా ఒకరు. తన పెన్షను సొమ్ములో లక్షన్నర మావారికి ఇచ్చారు. ఆయన వస్తున్నారని విని, డబ్బు కోసమే అనుకున్నాను. మనవడు సగం వాడి వదిలేసిన రూళ్ల నోటుబుక్కు, రెండు రంగుల పెన్నులు పట్టుకుని వచ్చారు. ‘ఎంత ఉందమ్మా?’ అన్నారు. ముప్పై అయిదో నలభై లక్షలో ఉంటుందన్నాను. ‘భయం లెక్క వేరు, అసలు లెక్క వేరు. కాగితాలన్నీ తీసుకురా’ అన్నారు.

నాలుగు సాయంత్రాలు కూర్చున్నాం. ఒక్కొక్క అప్పు తీసుకుని ఎవరు, ఎప్పుడు, ఎంత, ఎంత కట్టాను అన్నది ఒకే వరుసలో రాశారు. అప్పులవాళ్ల ఇళ్లకు తానే వెళ్లి అసలు నోట్లు చూసి వచ్చారు. రెండు పాత నోట్ల వెనక మావారు కట్టిన చెల్లు రాసి ఉంది, నేను తిరగరాసినప్పుడు దాన్ని బాకీలోంచి తీసివేయలేదు. అలా 85,000 తగ్గింది. చివరికి తేలిన అసలు 24,50,000. పెద్ద మొత్తమే. కానీ అది ఒక అంకె. దానికి ఆది, అంతం ఉన్నాయి. రాత్రిళ్లు నన్ను నమిలిన దానికి రెండూ లేవు. తన లక్షన్నరను మాస్టారు ఆ జాబితాలో చిట్టచివర, చిన్న అక్షరాలతో రాసుకున్నారు.

ఆ పుస్తకం చూసి, న్యాయసేవాధికార సంస్థ నాకు ఇచ్చిన వకీలమ్మ, ‘సగం పిటిషను మాస్టారే రాసేశారు’ అన్నారు. సొంతంగా ఐ.పి. పెట్టేవారు ప్రతి అప్పులవాడి పేరు, చిరునామా, బాకీ మొత్తం, తమకున్న ఆస్తి అంతా పిటిషనులో చూపాలి. 2016లో కొత్త దివాలా చట్టం వచ్చినా, నాలాంటి మామూలు మనుషులకు దానిలోని భాగం ఇంకా అమలులోకి రాలేదట. మనకు వర్తించేది 1920 నాటి చట్టమే. అందులో 500 రూపాయల బాకీ ఉన్నా పిటిషను వేసుకోవచ్చు. ఆ అంకె వినగానే నాకు కన్నీళ్లు వచ్చాయి. వందేళ్ల కింద అయిదువందల రూపాయల కోసం నాలాగే కుమిలిపోయిన ఎవరో ఒక మనిషి కళ్ల ముందు కదిలారు.

నా పేరున ఉన్నది ఒక్క నాలుగు సెంట్ల స్థలం. పిటిషను వేసేలోపు దాన్ని అమ్మాయి పేరుకు రాసేయమని చుట్టాలు గట్టిగా చెప్పారు. నిజం చెబుతున్నాను, నాకూ ఆశ పుట్టింది. వకీలమ్మ కోప్పడలేదు. పిటిషనుకు ముందు రెండేళ్లలో చేసిన అలాంటి బదిలీని కోర్టు రద్దు చేయవచ్చని, ఆపైన నా మాట ఏదీ ఎవరూ నమ్మరని నిదానంగా చెప్పారు. ఇంకొకరు, తన బాకీ ఒక్కటి ముందుగా చాటున తీర్చమని ఒత్తిడి చేశారు. పిటిషనుకు ముందు మూడు నెలల్లో ఒకరికి అలా పక్షపాతంగా కడితే అదీ చెల్లదన్నారు. జైలుకు పంపిస్తానని ఒకరు బెదిరించినప్పుడు, డబ్బు డిక్రీ (బాకీ కట్టమని కోర్టు ఇచ్చే తీర్పు) కింద మహిళను అరెస్టు చేయడానికి వీల్లేదని నాకు చట్టం పుస్తకంలో చూపించి చదివించారు. చెక్కులు ఇచ్చి ఉంటే ఆ కేసు వేరట. నేను ఎవరికీ చెక్కు ఇవ్వలేదు. అమ్మా, మీరు నా దగ్గర ఒక్క రూపాయి తీసుకోలేదు. కోర్టు వాయిదాకు వచ్చిన ప్రతిసారీ నా చెయ్యి పట్టుకుని మెట్లెక్కించారు.

మండీలో ఒక పెద్దాయనకు నేను అందరికంటే ఎక్కువ బాకీ. నా దగ్గర దాచిన సొమ్ము ఉందని ఆయనకు ఎవరో చెప్పారు. పిటిషనుకు అడ్డం పడతానన్నారు. ఆ తరువాత, ‘చెల్లెమ్మా, కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?’ అన్నారు. ఆ మాట మొదట నన్ను కోసింది. ఇంటికి వచ్చి ఆలోచిస్తే, నా మాటకు విలువ ఉందని నమ్మబట్టే కదా అడిగారు అనిపించింది. కోనేటిలో మునిగి, తడిబట్టలతో వినాయకుడి ఎదుట నిలబడి, దాచింది ఏమీ లేదని ప్రమాణం చేశాను. బయటికి వచ్చాక ఆయన తన తువ్వాలు తీసి నా భుజం మీద కప్పారు. కోర్టులో అభ్యంతరం చెప్పలేదు. తనకు రావలసింది పోతోందని తెలిసి కూడా ఆ మనిషి చూపిన మర్యాదను నేను ఏ జాబితాలో రాయగలను?

మా వదినకు, అద్దె ఇల్లు వదిలిన రోజున ఏమీ అడగకుండా తన ఇంట్లో ముందుగది ఖాళీ చేసి ఇచ్చినందుకు. మండీ హమాలీలకు, కూలి బాకీ ఉన్నా ‘అక్కా’ అంటూ బియ్యం మూట దింపి వెళ్లినందుకు. మీ కూలి బాకీ కూడా పిటిషనులో రాయించాను, మరచిపోలేదు.

ఇప్పుడు ఆ నాలుగు సెంట్లు కోర్టు చేతిలో ఉన్నాయి. అమ్మగా వచ్చింది అందరికీ వాటాల ప్రకారం వెళుతుంది. బాకీలో సగం కూడా తీరదని నాకు తెలుసు, ఆ బాధ నన్ను వదలదు. వంటపాత్రలు, బట్టలు, పరుపుల జోలికి ఎవరూ రారు. ఇక నా మీద ఎవరైనా దావా వేయాలంటే కోర్టు అనుమతి కావాలి. ఈ బాకీల నుంచి విముక్తి కోసం దరఖాస్తు చేసుకోవడానికి గడువు ఇచ్చారు. ఈలోపు ఒక పచ్చళ్ల తయారీ కేంద్రంలో కాయ తూకం, ఎంపిక చూస్తున్నాను. కాయను చేత్తో పట్టుకుని అది ఎన్ని రోజులు ఆగుతుందో చెప్పగలను, ఆ విద్య మావారు నేర్పింది.

మాస్టారూ, మీ మనవడి నోటుబుక్కు నా దగ్గరే ఉండిపోయింది. కోర్టు పని అయిపోయింది కాబట్టి ఆదివారం తెచ్చిస్తాను. వెనక ఇంకా పదకొండు తెల్ల పేజీలు ఉన్నాయి.