గీజరు ‘ఎకో’ అమరికలో నీరు 45 డిగ్రీలు దాటకపోవడంపై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగాధికారి గారికి,

అయ్యా,

గత కార్తీక మాసంలో మీ డీలరు వద్ద కొన్న 25 లీటర్ల గీజరు వల్ల మా కరెంటు ఖర్చు తగ్గిన మాట నిజమే. నా ఫిర్యాదు దాని ‘ఎకో’ అమరిక గురించి. అందులో నీరు 45 డిగ్రీలకు మించి వేడెక్కదు. అమరిక మార్చినా, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ గీజరు తనంతట తానే ఎకోకు వచ్చేస్తుంది. బిగించడానికి వచ్చిన మీ మనిషి స్విచ్చి ఆపనక్కర్లేదన్నాడు గనుక, అయిదు నెలలుగా ట్యాంకులో నీళ్లు రోజంతా గోరువెచ్చగానే ఉంటున్నాయి.

మా అమ్మగారికి 74 ఏళ్లు. ఊపిరితిత్తుల జబ్బు ఉంది. ఆవిడను చూసే డాక్టరు గారు గీజరు ఎంత వేడిలో పెడుతున్నారని అడిగినప్పుడు గాని నాకు ప్రమాదం అర్థం కాలేదు. నిల్వ నీటిలో పెరిగే లెజియోనెల్లా అనే బాక్టీరియాకు 20 నుంచి 45 డిగ్రీల వేడి అనుకూలమనీ, షవరు తుంపరలతో పాటు లోపలికి పీలిస్తే అది తీవ్రమైన న్యుమోనియా తెస్తుందనీ, 1976లో ఫిలడెల్ఫియాలోని ఒక హోటల్లో బస చేసిన వారిలో పలువురు ఈ జబ్బుతోనే మరణించారనీ ఆయన వివరించారు. వేడి నీటిని 60 డిగ్రీల వద్ద నిల్వ చేయాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మాది బోరు నీరు. ట్యాంకు అడుగున పేరుకునే గార ఆ క్రిములకు చక్కని ఆశ్రయం, పైగా అడుగు నీరు పై నీటికన్నా చల్లగా ఉంటుంది.

పొదుపు నాకూ కావాలి. అయితే 25 లీటర్లను 45 నుంచి 60 డిగ్రీలకు పెంచడానికి అర యూనిట్ కరెంటు కూడా పట్టదు. వారానికొకసారి ఆ పని గీజరే చేసుకునేలా చేస్తే పోయే పొదుపు ఎంత? అంత వేడి నీరు నేరుగా మీద పడితే క్షణాల్లో చర్మం కాలుతుంది గనుక, బయటికి వచ్చే గొట్టానికి చన్నీళ్లు కలిపే మిక్సింగ్ వాల్వు పెట్టించమని మీరే చెప్పాలి. మీ మాన్యువల్‌లో విద్యుత్ ఆదా గురించి ఒక పేజీ నిండా ఉంది, నీటి శుభ్రత గురించి ఒక్క వాక్యమూ లేదు. టోల్‌ఫ్రీ నంబరుకు రెండుసార్లు ఫోన్ చేస్తే ఆ మాన్యువల్‌నే చూసుకోమన్నారు.

నేను పెట్టిన అమరిక కరెంటు పోయినా మారకుండా ఉండేలా మా గీజరును సరిచేయాలనీ, ట్యాంకును ఉచితంగా శుభ్రం చేయించాలనీ, ఈ ప్రమాదం గురించి ఇదే మోడల్ కొన్న మిగతా వారికీ తెలియజేయాలనీ కోరుతున్నాను. 15 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు. అంతవరకు అమ్మగారికి పొయ్యి మీద కాచిన నీళ్లే బకెట్‌లో తోడి పెడుతున్నాము.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
హైదరాబాద్