పని నేర్పితే చాలదు, ఉండే చోటూ చూపాలి

సంపాదకుడికి,

మంచి వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు దొరకడం లేదని మీ పత్రికలో తరచూ వార్తలు వస్తున్నాయి. ఈ కాలం పిల్లలు చేతిపని వైపు రావడం లేదన్న మాట వాటిలో ఎక్కువగా వినిపిస్తోంది. చిన్న పట్టణంలోని ఒక వృత్తి శిక్షణ సంస్థలో నేను వెల్డింగ్ నేర్పుతాను. పిల్లలు వస్తూనే ఉన్నారండీ. మధ్యలో మానేసేవాళ్లలో చాలామందికి పని రాక కాదు, ఉండడానికి చోటు కుదరక వెళ్లిపోతున్నారు. దీని గురించి ఎవరూ మాట్లాడకపోవడం చూసే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నగరాల్లో చదువుకునేవాళ్లకు హాస్టలో, గదో ఏదో ఒకటి దొరుకుతుంది. చిన్న పట్టణంలో అద్దె ఇళ్లే తక్కువ, ఉన్నవి కుటుంబాల కోసం కట్టినవి. పదిహేడేళ్ల కుర్రాడు బ్యాగు తగిలించుకుని ఒక్కడే వచ్చి అడిగితే యజమాని వెనకాడతాడు. ఇచ్చినా ముందుగా అడ్వాన్స్ అంటాడు, సంతకానికి పెద్దవాళ్లను తెమ్మంటాడు. ఆడపిల్లలకు గది దొరకడం ఇంకా కష్టం. పోనీ రోజూ వచ్చి పోదామంటే వర్క్‌షాప్ పొద్దున్నే మొదలవుతుంది, సాయంత్రం బస్సులు తొందరగా ఆగిపోతాయి. థియరీ క్లాసు తప్పితే ఫోన్లో వీడియో చూసి సర్దుకోవచ్చు. బీడ్ (అతుకు వెంట కరిగిన లోహం గట్టిపడిన గీత) తిన్నగా పడాలంటే మాత్రం వెల్డింగ్ రాడ్డు బిగించే హోల్డర్ చేత్తో పట్టుకుని గంటలకు గంటలు కూర్చోవాల్సిందే.

బస అనేది చదువుకు సంబంధం లేని సొంత విషయమని శిక్షణ సంస్థలు కూడా అనుకుంటున్నాయి. వర్క్‌షాప్‌లో నిలబడి చూసేవాడికి అలా అనిపించదు. ముఖానికి షీల్డ్ అడ్డు లేకుండా ఆర్క్ వెలుగు, అంటే వెల్డింగ్ చేసేటప్పుడు వచ్చే మెరుపు, కంట్లో పడితే అప్పటికప్పుడు ఏమీ తెలియదు. సుమారు ఆరు నుంచి పన్నెండు గంటల తరువాత, అంటే చాలాసార్లు రాత్రిపూట, కళ్లలో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. నీళ్లు ధారగా కారతాయి, లైటు వేస్తే భరించలేరు. అతినీలలోహిత కిరణాలు కంటి ముందుండే పారదర్శక పొరను (కార్నియాను) కాల్చడం వల్ల వచ్చే బాధ అది. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. ఆ సంగతి తెలిసిన పెద్దవాళ్లు పక్కనుంటే ధైర్యం చెబుతారు, కళ్లు నలపనివ్వరు, డాక్టరుకు చూపిస్తారు. ఒంటరిగా గదిలో ఉన్న పిల్లవాడికి చూపు పోయిందేమోనన్న భయం తప్ప ఏముంటుంది? మా విద్యార్థి ఒకడు ఎవరికి ఫోన్ చేయాలో తెలియక తెల్లారేదాకా తలుపు దగ్గరే కూర్చున్నాడు. రాత్రిపూట చేయడానికి ఒక నంబరు వాడికి ఎవరూ ఇవ్వలేదు.

బట్టలదీ అదే కథ. ఈ పనికి మందపాటి కాటన్ బట్టలే వేసుకోవాలి. సింథటిక్ చొక్కా మీద నిప్పురవ్వ పడితే గుడ్డ కరిగి చర్మానికి అంటుకుపోతుంది. ఉతికి ఆరేసుకోవడానికి చోటు లేనివాడు, ఉన్న ఒక్క కాటన్ జతా తడిగా ఉంటే మర్నాడు చేతికి అందింది వేసుకొస్తాడు. వాణ్ని వెనక్కి పంపాలి, ఆ రోజు హాజరు పోతుంది. పంపిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది, అయినా పంపక తప్పదు. నిద్ర చాలని కళ్లతో ఇనుము అరగదీసే గ్రైండర్ ముందు నిలబడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఒంటరిగా బతికితేనే బాధ్యత తెలుస్తుందని కొందరు అంటారు. నేనూ ఒప్పుకుంటాను. వండుకోవడం, నెలాఖరుదాకా డబ్బు సరిపెట్టుకోవడం, జ్వరమొచ్చినా లేచి గ్యాస్ కట్టేశానా లేదా అని చూసుకోవడం ఈ పిల్లలు ఎవరూ చెప్పకుండానే నేర్చుకుంటున్నారు. మేం అడుగుతున్నది వాళ్లకు అన్నీ అమర్చిపెట్టమని కాదు. తాళం వేసుకోగలిగే ఒక గది, నీళ్లు, ఆపదలో పలికే ఒక మనిషి ఉంటే మిగతాది వాళ్లే చూసుకుంటారు.

ఇది కొత్త కోరికేమీ కాదు. చెప్పులు కుట్టే పని చేసి తరువాత మతగురువైన అడాల్ఫ్ కోల్పింగ్, ఇల్లు వదిలి వచ్చిన యువ పనివాళ్ల కోసం 1849లో జర్మనీలోని కొలోన్‌లో ఒక సంఘం పెట్టారు. అలాంటి సంఘాలు వాళ్లు ఉండడానికి ఇళ్లు కూడా కట్టించాయి. ఫ్రాన్స్‌లో ఊరూరా తిరిగి పని నేర్చుకునే కంపాన్యోన్లకు ఇప్పటికీ పట్టణాల్లో బస గృహాలున్నాయి. జర్మనీలో శిక్షణ చోటు దూరమై తల్లిదండ్రుల దగ్గర ఉండలేని అప్రెంటిస్‌కు ప్రభుత్వం సాయం చేస్తుంది. 2023లో అక్కడ మొదలుపెట్టిన ‘యుంగెస్ వోనెన్’ గృహ పథకంలో విశ్వవిద్యాలయ విద్యార్థులతో పాటు అప్రెంటిస్‌లనూ చేర్చారు. నాకు బాగా నచ్చింది అదే, ఇద్దర్నీ ఒకే వరసలో నిలబెట్టడం.

హాస్టల్ కట్టడానికి ఏళ్లు పడుతుంది, కట్టాలి కూడా. ఈలోగా చేయగలిగినవీ ఉన్నాయి. అద్దెకిచ్చే గదుల జాబితా శిక్షణ సంస్థే తయారుచేసి, ఎవరో ఒకరు వెళ్లి చూసొచ్చాకే విద్యార్థికి ఇవ్వాలి. అడ్వాన్స్‌కు పట్టణ పాలకవర్గం హామీగా నిలబడితే యజమానులకూ టెన్షన్ ఉండదు. ఒప్పందాలు ఏడాదికి కాకుండా టర్మ్ లెక్కన ఉండాలి, ఎందుకంటే పరిశ్రమలో శిక్షణకు వేరే ఊరు పంపినప్పుడు ఇక్కడా అక్కడా రెండు అద్దెలు కట్టలేక చదువు వదిలేసినవాళ్లున్నారు. మా దగ్గర తయారైనవాళ్లను పనిలోకి తీసుకునే వర్క్‌షాప్ యజమానులు కూడా దీనికి తలా కొంత వేయడం న్యాయం.

కొత్త బ్యాచ్ చేరకముందే గదుల జాబితా, రాత్రిపూట ఎత్తే ఒక ఫోన్ నంబరు సిద్ధం కావాలి. మా సంస్థలో ఆ రెండు పనులూ నెత్తిన వేసుకుంటానని రాతపూర్వకంగా ఇచ్చాను. జవాబు రావాల్సి ఉంది.

ఇట్లు,
ఒక వెల్డింగ్ ఇన్‌స్ట్రక్టర్