ఓనరమ్మ తెచ్చిన టీ

తిరుపతి,
3 జులై 2016

చి. పాపకు అమ్మ ఆశీస్సులు.

మొన్న నువ్వు ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. "ఓనరమ్మ టీ పెట్టుకొచ్చి తలుపు కొట్టింది, నేను తియ్యలేదమ్మా" అన్నావే, ఆ మాటే చెవుల్లో తిరుగుతా ఉంది. ఫోన్‌లో ఈ సంగతి ఎత్తితే నువ్వు "నీకు ఇక్కడి విషయాలు తెలీవులే" అంటావు, నేను నొచ్చుకుంటాను, అసలు మాట పక్కకు పోతుంది. అందుకే ఈ ఆదివారం వంట పని నాన్నకు అప్పజెప్పి కూర్చున్నాను. తమ్ముడు దీన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతానన్నాడు. కాగితం కూడా పోస్టులో వేస్తాను.

బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా, బయటికి పోవాలా అని జనాన్ని అడిగిన ఓటు ఫలితం వచ్చిన ఆ శుక్రవారం నేను ఐదింటికే లేచి టీవీ పెట్టాను. ఇక్కడ ఇంకా తెల్లారలేదు. వాకిట్లో నీళ్ళు చల్లడానికి పోతుంటే టీవీలో సండర్లాండ్ పేరు వినిపించింది. చెంబు పట్టుకునే లోపలికి వచ్చాను. మీ ఊళ్ళో నూటికి 61 మంది యూరప్ నుంచి బయటికి పోదామనే వేశారు. ఓట్లు లెక్కపెట్టే హాల్లో జనం ఎగిరి గంతులేస్తున్నారు, ఒకమ్మాయిని భుజాల మీదికెత్తుకున్నారు. వాళ్ళ సంతోషం చూస్తుంటే నాకు నువ్వే గుర్తొచ్చావు. ఉండాలని వేసింది మీ ఊళ్ళో 51,930 మంది. అందులో నువ్వొకతెవి. మధ్యాహ్నం స్టాఫ్ రూములో అన్నం తింటుంటే, మీ ప్రధాని కామెరాన్ పదవి వదిలేస్తున్నాడట అని సోషల్ టీచరు ఫోన్ చూపించింది. సాయంత్రం నాన్న పౌండు ఎంతకు దిగిందో లెక్క వేస్తూ కూర్చున్నారు. 100 రూపాయల దాకా ఉన్నది ఈ వారంలో 90 దగ్గరికొచ్చింది కదా. లోను సంగతి మేం చూసుకుంటాం, ఆ టెన్షన్ నువ్వు పెట్టుకోవద్దు.

నీ బాధ నాకు అర్థం కాలేదని మాత్రం అనుకోకు. బయటికి పోదామన్నవాళ్ళు ఆ ఎర్ర బస్సు మీద ఏం రాసుకుని తిరిగారో నువ్వు చెప్పావు. వారానికి 35 కోట్ల పౌండ్లు యూరప్‌కు పోతున్నాయి, అవి మన ఆస్పత్రులకు పెడదాం అని. లెక్క సరిగా లేదని ఓటుకు ముందే అన్నారు. ఫలితం వచ్చిన పొద్దున్నే, బయటికి పోదామని తిరిగిన నాయకుడు ఫరాజ్ టీవీలో కూర్చుని, ఆ హామీ ఇవ్వలేను, అది పొరపాటు అన్నాడు. ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేసే నర్సుకు ఆ మాట ఎట్లా ఉంటుంది? ఆ కోపం వదులుకోమని నేను చెప్పను. ఓటుకు వారం ముందు ఆ ఎంపీ జో కాక్స్‌ను నడి వీధిలో చంపేశారు. 41 ఏళ్ళ మనిషి, ఇద్దరు చంటి పిల్లల తల్లి. ఆ రోజు నువ్వు ఫోన్‌లో ఏడ్చావు. హంటింగ్‌డన్‌లో పోలండు వాళ్ళ ఇళ్ళ దగ్గర ఎట్లాంటి కార్డులు పడేశారో కూడా నువ్వు చెబితేనే తెలిసింది. వాళ్ళను పురుగులన్నారు. ఇవన్నీ చిన్న విషయాలు కావు.

నన్ను అన్నిటికన్నా కలిచింది మీ వార్డులో పోలండు అమ్మాయి సంగతి. ఆమె అక్కడికొచ్చి తొమ్మిదేళ్ళు, కొడుకు అక్కడే పుట్టాడు, పన్ను కడుతోంది. ఓటు మాత్రం లేదు. నువ్వు పోయి రెండేళ్ళు కూడా కాలేదు, మనది కామన్వెల్త్ దేశం కాబట్టి నీకు ఓటు ఇచ్చారు. "తన బతుకు మీద నేను ఓటేసి వచ్చానమ్మా, తను బయట నిలబడి చూసింది" అన్నావు. అట్లా అనిపించడం మంచిదే. ఆ పిల్లతో కలిసి బస్టాపు దాకా నడువు. డ్యూటీ టైం వేరైనా కొన్నాళ్ళు కుదుర్చుకో. బస్సులో ఎవరైనా నోరు పారేసుకుంటే పక్కన మనిషుందన్న ధైర్యం ఉంటుంది. ఇది నేను చెప్పకముందే నువ్వు చేస్తుంటావని నాకు తెలుసు.

ఇక నువ్వు స్టేటస్‌లో పెట్టిన మాట. "ముసలివాళ్ళు మా రేపటిని తినేశారు" అని. 18 నుంచి 24 ఏళ్ళ పిల్లల్లో నూటికి 73 మంది ఉండాలనీ, 65 దాటినవాళ్ళలో 60 మంది పోవాలనీ వేశారని ఆష్‌క్రాఫ్ట్ సర్వే లెక్క నువ్వే పంపావు. లెక్క లెక్కే. కానీ ఆ 60 మందిలో మీ ఓనరమ్మ ఒకతి. జనవరిలో నీకు జ్వరం వచ్చినప్పుడు రబ్బరు సంచిలో వేడినీళ్ళు పోసి గంటగంటకూ మార్చి కాళ్ళ దగ్గర పెట్టిన మనిషి. ఆ రాత్రి నేను ఇక్కడ నుంచి ఏమీ చెయ్యలేక గోడకు ఆనుకుని కూర్చున్నాను. అందుకే ఆమె మీద ఆ మాట పడితే నాకు గుచ్చుకుంది. ఆమె ఎందుకట్లా వేసిందో అడిగావా పాపా?

నేను అడగని మనిషి ఒకరున్నారు. వరంగల్ పెద్దమ్మ ఎందుకు రావడం మానేసిందని నువ్వు చాలాసార్లు అడిగావు, నేను ఏదో చెప్పి దాటేశాను. ఇప్పుడు చెబుతాను.

1985లో మేమిద్దరం ఇక్కడ పద్మావతి యూనివర్సిటీ హాస్టల్లో ఒకే గదిలో ఉన్నాం. నీ పుట్టువెంట్రుకలు తీయించిన రోజు నిన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకున్నది ఆమే. 2013 జులై 30న ఢిల్లీలో తెలంగాణ నిర్ణయం చెప్పారు. రాత్రి తొమ్మిదింటికి ఆమె ఫోన్ చేసింది. ఏడుస్తూ నవ్వుతోంది, మాట రావడం లేదు. "వచ్చేసిందే" అంది, అంతే. నేనన్నాను, "మా ఇల్లు కూలితే మీకు పండగా? ఆ పండగ మీ ఇంట్లోనే చేసుకోండి, నాకు ఫోన్ చెయ్యొద్దు." పెట్టేశాను. నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావు.

తర్వాత సమ్మె మొదలైంది. ఎన్జీవోలది, అంటే ప్రభుత్వ ఉద్యోగులది, 66 రోజులు సాగింది, టీచర్లం మేమూ దిగాం. బస్సులు ఆగిపోయాయి, బడులు మూతబడ్డాయి. నాలుగు కాళ్ళ మండపం దగ్గర మానవహారంలో నిలబడ్డాను. రోడ్డు మధ్యలో మూడు రాళ్ళు పెట్టి వంటా వార్పు చేశాం. ఆ గుండిగలో చిత్రాన్నం కలిపింది నేనే, పసుపు గోళ్ళలోంచి రెండు రోజులు పోలేదు. ఇక్కడివాళ్ళం అందరం ఒకటిగా ఉన్నామన్న వేడి ఒకటి ఉండేది. ఆ వేడిలో అవతలి వాళ్ళను ఎన్ని మాటలన్నామో. నా నోటి నుంచి కూడా వచ్చాయి. హైదరాబాదులో కొడుకులు, కూతుళ్ళు ఉద్యోగాలు చేసుకుంటున్న తల్లుల భయం నిజమైనదే, నేను ఇప్పటికీ అదే అంటాను. కానీ మా నినాదాల్లో భయం కనపడలేదు, తిట్లే వినపడ్డాయి.

అప్పుడు మా అందరి బాధా ఒకటే, జనాన్ని అడగకుండా విడగొట్టారని. ఓటు పెట్టి అడిగి ఉంటే ఏ ఫలితం వచ్చినా ఒప్పుకునేవాళ్ళం అని స్టాఫ్ రూములో నేనే ఎన్నోసార్లు అన్నాను. మన వైపు అడగకుండా గీత గీయడం కొత్త కూడా కాదు. తిరుత్తణి మన చిత్తూరు జిల్లాలోనే ఉండేది. ఆంధ్రకూ మద్రాసుకూ తగువైతే పటాస్కర్ అనే ఆయన తీర్పు చెప్పాడు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది. మా అమ్మ పుట్టిల్లు అటు పోయింది, అమ్మ కాపురం ఇటు ఉండిపోయింది. అమ్మ తమ్ముళ్ళు బడిలో అరవం, ఇంట్లో తెలుగు. అమ్మకు బతికినన్నాళ్ళూ ఆ కష్టం ఉండేది. అయినా ఆడికృత్తికకు మన ఇంటి నుంచి కావడి పోవడం ఒక్క ఏడూ ఆగలేదు.

ఇప్పుడు మీ దగ్గర చూస్తున్నాను. వాళ్ళు అందరినీ అడిగారు. నూటికి 72 మంది వచ్చి ఓటేశారు. పోదామన్నవాళ్ళు కోటీ 74 లక్షలు, ఉందామన్నవాళ్ళు కోటీ 61 లక్షలు. 52కు 48. స్కాట్లాండులో నూటికి 62 మంది, లండన్‌లో 60 మంది ఉండాలన్నారు, వాళ్ళు ఇప్పుడు ఇది మా మాట కాదంటున్నారు. మళ్ళీ ఓటు పెట్టమని 40 లక్షల మంది సంతకాలు పెట్టారు. నువ్వూ పెట్టావు. అడిగినా ఇంత గాయమేనా అని మూడేళ్ళ నాటి నా మాట మీద నాకే నమ్మకం పోయింది. ఓటు లెక్క తేల్చింది. పొద్దున లేస్తే ఒకే వంటింట్లో తిరగాల్సిన ఇద్దరు మనుషుల సంగతి మాత్రం అది తేల్చలేదు.

అందుకే శుక్రవారం సాయంత్రం బడి నుంచి రాగానే వరంగల్‌కు ఫోన్ చేశాను. నంబరు మారలేదు. నా గొంతు విని కాసేపు మాట్లాడలేదు. నేను తప్పయిందన్నాను. తర్వాత, ఆ రోజు ఎందుకంత ఏడ్చావు అని అడిగాను. మూడేళ్ళ తర్వాత అడిగాను పాపా. ఆమె చెప్పింది. ఆమె దగ్గర తొమ్మిది, పది చదివిన పిల్లాడొకడు ఉద్యమంలో ప్రాణం తీసుకున్నాడట. లెక్కల్లో ఎప్పుడూ ముందుండేవాడట. వాడి నోటు పుస్తకం ఒకటి ఆమె బీరువాలోనే ఉండిపోయిందట, తల్లికి ఇద్దామంటే చెయ్యి రాలేదట. ఆ రాత్రి టీవీలో నిర్ణయం విని ఆ పుస్తకం తీసి ఒళ్ళో పెట్టుకుని ముందు నాకే చేసిందట ఫోన్. "నీకు కాకపోతే ఎవరికి చెప్పుకుంటానే" అంది. నేనేమన్నానో నీకు పైన రాశాను.

రాష్ట్రం కలిసి ఉండాలన్న నా అభిప్రాయం దాంతో మారలేదు. ఆమెది కూడా మారలేదు. గంటా పది నిమిషాలు మాట్లాడుకున్నాం. దసరా సెలవుల్లో కొండకు వస్తుందట, మన ఇంట్లోనే దిగమన్నాను.

మీ ఓనరమ్మ భర్త ఓడలు కట్టే యార్డులో పనిచేసేవాడని, 1988లో అది మూసేశాక మళ్ళీ మనిషి కాలేకపోయాడని ఒకసారి నువ్వే చెప్పావు. నాకు మీ తాత గుర్తొచ్చాడు. మన వైపు చెరకు ఫ్యాక్టరీ మూతబడ్డప్పుడు కోసిన చెరకు బండి మీదే ఎండిపోతుంటే దాని పక్కనే కూర్చున్నాడు, ఇంటికి రమ్మంటే రాలేదు. ఆ తర్వాత ఏ ఎన్నికొచ్చినా, ఉన్నవాడు దిగిపోవాలి అనే ఓటేశాడు. ఎవరు వస్తారన్నది చూసుకోలేదు. మీ ఓనరమ్మదీ అదే కారణమని నేననను. వేరే ఏమైనా ఉండొచ్చు, నీకు నచ్చనిదే ఉండొచ్చు. పోలండు వాళ్ళ గురించి తప్పుమాట అంటే అక్కడే చెప్పు, ఊరుకోవద్దు. మీ వార్డులో ఆ అమ్మాయి రాత్రంతా ఎంతమందికి పక్కలు మారుస్తుందో, మందులిస్తుందో చెప్పు. ఆమె కొడుకు పేరు చెప్పు. కానీ ముందు అడుగు, ఆమె పూర్తిగా చెప్పేదాకా విను. ఆమె నీ గది తలుపు కొట్టింది కదా. ఆ పూట ఆమెకూ ఏదో చెప్పాలని ఉండి ఉంటుంది.

ఆదివారం నీకు డ్యూటీ లేదన్నావు. నేను పంపిన ఊరగాయ జాడీ విప్పే ఉంటావు, కారం ఎక్కువని ఆమె తినదు గానీ వేరుశనగ ఉండలు తింటుందన్నావు. నాలుగు తీసుకుని కిందికి దిగు. ఈసారి టీ నువ్వు పెట్టు. ఆమె ఏం చెప్పిందో సాయంత్రం నాకు ఫోన్ చేసి చెప్పు. నీ మాట కలపకుండా, ఆమె ఎట్లా చెబితే అట్లాగే చెప్పు. నాన్న కూడా వింటానన్నారు.

ఇట్లు,
అమ్మ